పదమూడేళ్ల బాకీ

మూడు సీజన్ల తర్వాత, 2006లో హెచ్‌బీఓ ‘డెడ్‌వుడ్’ ధారావాహికను ఆపేయడంతో కథ అర్ధాంతరంగా నిలిచిపోయింది. డేవిడ్ మిల్చ్ రాసిన ముగింపు సినిమా 2019లో గానీ రాలేదు. 36 ఎపిసోడ్లలో తాపీగా పరుచుకున్న డెడ్‌వుడ్ ఊరు రెండు గంటల్లోపు ఇమడదు. కొన్ని పాత్రలు పలకరించి వెళ్లిపోతాయి. అయినా 1889లో దక్షిణ డకోటా రాష్ట్రమైన సందర్భాన్ని ఎంచుకుని, నటుల ముఖాల మీది అసలు వయసునే కథలో కలిపేశారు. సెనేటరై తిరిగొచ్చిన గనుల యజమాని హర్స్ట్ పొగరు తగ్గలేదు; మంచాన పడుతున్న సెలూన్ యజమాని స్వెరెంజెన్ నోటి పదునూ తగ్గలేదు.

కొనసాగింపు సినిమాకు మా కొలబద్ద ఒకటే: గడిచిన కాలాన్ని లెక్కలోకి తీసుకుందా, లేదా? ‘డెడ్‌వుడ్’ తీసుకుంది. ఈ సంచికలోని సమీక్షలను అదే ప్రశ్నతో చదవండి. మీ అభిప్రాయం వేరైతే ఉత్తరం రాయండి.

— సంపాదకుడు