కొర్ర ప్రయోగశాలకెక్కింది, చేనుకెప్పుడు దిగుతుంది?

ఒకప్పుడు కొర్రన్నం అంటే పేదోడి తిండి. చౌక బియ్యం వచ్చాక రాయలసీమలో కొర్ర చేలు తగ్గిపోయాయి. ఇప్పుడదే కొర్రను విదేశీ ప్రయోగశాలల్లో కుండీల్లో పెట్టి పెంచుతున్నారు. తినడానికి కాదు, పైర్ల గుట్టు విప్పడానికి!

మొక్కల శాస్త్రవేత్తలు చాలా ఏళ్లు అరబిడాప్సిస్ అనే ఆవజాతి కలుపు మొక్క మీదే ప్రయోగాలు చేశారు. దాని జన్యుపటం 2000లో వచ్చింది. కానీ జొన్న, మొక్కజొన్న, కొర్రకున్న ఒక గుణం ఆ మొక్కకూ లేదు, వరికీ లేదు. మండే ఎండలో, తక్కువ నీటితో ఎక్కువ ఆహారం తయారు చేసుకునే ఆ గుణాన్ని 'సి-4' అంటారు. దాన్ని పరిశీలించడానికి కొర్ర, దాని అడవి చుట్టం అనువైనవి. మొక్క చిన్నది, పంటకాలం తక్కువ, జన్యుపటమూ చిన్నదే. ఆ పటం 2012లో వెలువడింది. నలభై రోజులకే కంకి వేసే పొట్టి కొర్రనూ, అందులో జన్యువును చొప్పించే పద్ధతినీ చైనా శాస్త్రవేత్తలు 2020లో ప్రకటించారు. వరికి సి-4 గుణం తేవాలనే అంతర్జాతీయ ప్రయత్నానికీ ఈ కొర్ర చుట్టం ఆసరాగా ఉంది.

సంతోషమే. అయితే కొర్ర ఉన్నది వరికి ఊడిగం చేయడానికేనా? వెర్రికంకి, అగ్గితెగులుతో నష్టపోయే కొర్ర రైతు సంగతేమిటి? జన్యుపటం చేతిలో ఉంటే, తెగులును తట్టుకునే గుణాన్ని లేత ఆకు పరీక్షతోనే గుర్తించే వీలుంది. పంట చేతికొచ్చేదాకా కాచుకుని కూర్చోనక్కర్లేదు. కొత్త రకానికి పట్టే కాలం తగ్గుతుంది. సూర్యనంది, ఎస్ఐఎ 3085 వంటి మంచి రకాలిచ్చిన నంద్యాల పరిశోధనా స్థానానికి ఈ పనికి కావలసిన పరికరాలు, మనుషులు, డబ్బు సమకూర్చాలి. 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపి చేతులు దులుపుకుంటే చాలదు.

ఇంకో మాట. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ విత్తన భాండాగారంలో పదిహేను వందలకు పైగా కొర్ర నమూనాలున్నాయి. ఇలాంటి విత్తనాలు తరతరాలుగా చేలల్లో, గాదెల్లో కాపాడింది రైతులే. ఈ పరిశోధనకు మూలధనం అదే. కాబట్టి ఫలితంలో రైతుకు వాటా దక్కాలి.

మీ ఇంట్లో తాతలనాటి కొర్ర విత్తనం ఉంటే పారేయకండి. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కింద రైతు తన రకాన్ని రుసుము లేకుండా నమోదు చేసుకోవచ్చు. దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. అడగనిదే అమ్మైనా పెట్టదు!