ఇచ్చు చేయి, పుచ్చుకొను చేయి

తెల్లవారకమునుపే రావులపాలెములోని అరటి మార్కెట్టునకు చుట్టుప్రక్కల లంకలనుండి గెలలు వచ్చి చేరును. తోట పెంచినవారొకరు, గెల నరికి మోసినవారొకరు, బేరము చేసినవారొకరు, లారీకెత్తినవారొకరు. ఇందరి చేతులు సోకిన చక్కెరకేళిని మనము కడిగి దేవుని ముందుంచుదుము. ఎవరు తాకిరని అడుగము. కాని ఆ గెల మోసినవారి యింట ఒక గ్లాసెడు మంచినీళ్ళు త్రాగవలసివచ్చినచో మనకు వేయి సందేహములు పుట్టును.

పరులను తప్పుపట్టుటకై ఈ మాట వ్రాయుటలేదు. మాకు జరిగినదే చెప్పెదము. మా యింట అంట్లు తోమునామె తొమ్మిదేండ్లనుండి వచ్చుచున్నది. ఆమె భర్త మార్కెట్టులో గెలలు మోయును. పండుగకు చీర, బిడ్డల పుస్తకములకు సొమ్ము, జ్వరము వచ్చినప్పుడు మందు, ఇవన్నియు ఇచ్చితిమి. ఇచ్చినందులకు లోలోన సంతసించితిమి కూడ. పోయిన మాఘమాసములో ఆమె కూతురి ఓణీల వేడుకకు వారి పేటకు వెళ్ళితిమి. ఆమె కుర్చీని కొంగుతో తుడిచి మమ్ము కూర్చుండబెట్టి, దుకాణమునుండి తెప్పించిన కూల్‌డ్రింకు సీసాను తెచ్చి, మా కన్నులయెదుటనే మూత తీసినది. “మా కుండలో నీళ్ళు మీరు తాగరు కదాండీ, అందుకని తెప్పించానండీ” అనినది. ఆ మాటలో నిష్ఠూరము లేదు. అదియే మమ్మెక్కువగా బాధించినది. సీసాను చూడగానే మా మనస్సు తేలికపడిన మాట దాచనేల? మా పెరటి అరుగుమీద ఆమెకై వేరుగా బోర్లించియుండు స్టీలు గ్లాసు ఆ క్షణమున జ్ఞాపకము వచ్చినది. దాని నక్కడ పెట్టినది మేమే. తొమ్మిదేండ్లు ఆమెకిచ్చుచునే యుంటిమి. పని తక్క ఆమెవద్దనుండి ఏమియు పుచ్చుకొని యెరుగము.

ఇచ్చుటలో మన సీమకు గొప్ప పేరే కలదు. రావులపాలెము దాటి కోనసీమలోనికి పోయినచో లంకల గన్నవరము వచ్చును. అక్కడ డొక్కా సీతమ్మగారు (1841–1909) దారిన పోవువారికి వేళ కాని వేళ సైతము, కులమడుగక అన్నము పెట్టిరి. గన్నవరపు అక్విడక్టునకు వారి పేరే పెట్టిరి. 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకును ఆ పేరే వచ్చినది. ఆ తల్లిని తలచి చేతులు జోడింపనివారము కాము. కాని మనవంటి సామాన్య గృహిణుల విషయమున, పెట్టు చేయి పైనను, పట్టు చేయి క్రిందను ఉండుట కలదు. పై చేయి సుఖముగనే యుండును గనుక మన మక్కడనే ఆగిపోవుదుము.

రెండవ దారి యెట్టిదో కాకినాడలో పండ్రెండవ యేట నున్న యొక బాలిక చూపినది. 1921 ఏప్రిలులో గాంధీగారు ఆ పట్టణమునకు వచ్చుచున్నారని విని దుర్గాబాయి, అనగా 1909లో రాజమహేంద్రవరమున పుట్టి తరువాత రాజ్యాంగసభలో సభ్యురాలైన దుర్గాబాయమ్మగారే, దేవదాసీ స్త్రీలును, ఘోషాలోని ముస్లిము స్త్రీలును ఆయనను చూడవలెనని పట్టుపట్టినది. ఏర్పాట్లు చూచు పెద్దలు అయిదు నిమిషములకు అయిదువేల రూపాయలు తెమ్మనిరి. బాలిక దేవదాసీల యిండ్లకే పోయి అడిగినది. వారు ఆ సొమ్ము కూర్చిరి. సభనాడు గాంధీగారు అయిదు నిమిషములతో సరిపెట్టక చాలసేపు మాటలాడిరి. స్త్రీలు తమ నగలు తీసి ఆయన ముందుంచిరి. ఈ కథలో మాకు నచ్చినది ఆ పిల్ల ధైర్యము మాత్రమే కాదు. ఊరు చిన్నచూపు చూచిన స్త్రీలను ఆమె జాలిపడి ఉద్ధరింపబోలేదు. వారి గుమ్మమునకు పోయి, వారివలన కావలసినదానిని అడిగినది.

సోదరీమణులారా, మన కోనసీమకు ఈ మాట అక్కరలేనిది కాదు. జిల్లాకు అంబేద్కరుగారి పేరు పెట్టు విషయమై 2022 మే 24న అమలాపురమున ఇండ్లు తగులబడినవి. ఆ జూలైలోనే గోదావరి ధవళేశ్వరమువద్ద 25 లక్షల క్యూసెక్కులకు మించి పొంగి లంకలను ముంచినది. వరదలో అందరు నొకే పడవ యెక్కుదురు; నీరు తీసిన పిమ్మట ఎవరి వీధికి వారు పోవుదురు. ఆపదలోని కలయికకు ఆయుస్సు తక్కువ. మామూలు దినములలో రాకపోకలుండవలెను.

అందులకు నేడు చేతిలోనున్న త్రోవ ద్వాక్రా సంఘము. పది పదిహేనుమంది స్త్రీలు కూడి పొదుపు చేసి, ఒకరికొకరు పూచీపడి బ్యాంకులో అప్పు తీసికొందురు. ఒక్కరు వాయిదా తప్పినను అందరి పేరును చెడును. కనుక తోడిసభ్యురాలి కష్టము అడిగి తెలిసికొనక తప్పదు. అయితే సంఘము తరచుగా ఒక వీధివారితోనే ఏర్పడును; మన యూళ్ళలో వీధి యనగా చాలవరకు కులమే. అందుచేత అన్ని సంఘములవారును కలియు గ్రామ సమాఖ్య సమావేశమును మానవలదని మా కోరిక. లెక్కల పుస్తకము వ్రాయుట పేటలోని యమ్మాయికి మీకంటె బాగుగ వచ్చినచో ఆమెవద్దనే నేర్చుకొనుడు.

ఇంకొక మాట. చెలిమి పేరు చెప్పి జీతము తగ్గించు ఇల్లాండ్రు కలరు. “మనలో మనకు లెక్కలేమిటే” యని పొద్దుపోవుదాక పని చేయించుకొనుట చెలిమి కాదు. ముందు జీతము, సెలవు సరిగా నుండవలెను. వారి యింటికి హఠాత్తుగా పోయి, తనిఖీకి వచ్చిన అధికారులవలె మూలమూలలు చూచుటయు తగదు. పిలిచినప్పుడు పోవలెను, పెట్టినది తినవలెను.

మా స్టీలు గ్లాసును తీసివేసి మూడు నెలలైనది. మొదట ఆమె మా గ్లాసులతో నీళ్ళు త్రాగుటకు జంకి, కుళాయివద్ద దోసిలి పట్టెడిది. మేము మరల వారి యింటికి పోయి, కుండనీళ్ళు అడిగి త్రాగి వచ్చిన పిమ్మట ఆ జంకు కొంత తగ్గినది. మొన్న ఆదివారము వారి యింటినుండి గిన్నెతో పనసపొట్టు కూర వచ్చినది. ఉప్పు కొంచె మెక్కువైనది. ఆ మాట చెప్పుటయా, మానుటయా యని తటపటాయించి, తుదకు చెప్పితిమి. ఆమె అంట్లు తోముచు తలయెత్తి, “మీ పప్పులో ఎప్పుడూ తక్కువేనండి, తొమ్మిదేళ్ళనుంచీ చెప్పలేదంతే” అనినది.