ఓలి అమ్మకం కాదు

మన ఓలిని “పిల్లను అమ్ముకోవడం” అని మైదానపు వాళ్లు ఎగతాళి చేస్తే మన చదువుకున్న పిల్లలు తల దించుకుంటున్నారు. ఎందుకు? పోడులో కలుపు తీసి, చోళ్లు కోసి, బుట్ట నెత్తిన పెట్టుకుని సంతకు నడిచే మనిషి ఒక ఇల్లు వదిలి ఇంకో ఇంటికి పోతోంది. ఆ కష్టాన్ని గుర్తించి మగపెళ్లివారు పెద్దల ముందు ఇచ్చేది ఓలి. ఓలి కోసం అప్పు చేసిన కుర్రాళ్లూ ఉన్నారు. అది పెద్దలు కూర్చుని తగ్గించాల్సిన సంగతి.

కానీ అరకు, పాడేరు వైపు ఇప్పుడు ఉద్యోగం వచ్చిన మనవాళ్లే ఆడపిల్ల తండ్రిని బండి అడుగుతున్నారు. 1961లోనే చట్టం నిషేధించిన కట్నం వీళ్లకు నాగరికతట! మేము అడుగుతున్నాం: బండికి, బంగారానికి బేరమాడిన పెళ్లిలో అమ్ముడుపోయింది పిల్లా, పిల్లాడా?