ఒక్క అయ్యగారు... ఎనిమిది గుళ్లు!

'పాస్టరు గారికేం పనండీ... వారానికోసారి ప్రసంగం చెప్పడమేగా!'

ఈ మాట చర్చి మెట్లెక్కని వాళ్లే కాదు, ఒక్కోసారి లోపల బల్లల మీద కూర్చునేవాళ్లూ అంటుంటారు. ఒక్క ఊరు, ఒక్క గుడి అయితే ఆ మాట కాస్తయినా చెల్లేదేమో. మన పల్లెల్లో లెక్క అలా ఉండదు. ఒక్క కాపరి చేతికింద ఐదారు సంఘాలుంటాయి. కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువే.

దక్షిణ ఇండియా సంఘం... అదేనండీ, మనందరి నోటా నానే సీఎస్‌ఐలో దీన్ని 'పాస్టరేట్' అంటారు. మధ్యలో ఓ పెద్ద గుడి, దాని పక్కనే అయ్యగారి ఇల్లు. చుట్టుపక్కల పల్లెల్లో చిన్నచిన్న గుళ్లు. కొన్నింటికి స్లాబు, కొన్నింటికి రేకులు. ఇలాంటి పాస్టరేట్లన్నీ కలిస్తే అధ్యక్ష మండలం, దానికి బిషప్పు. తెలుగు నేల మీద దోర్నకల్, మెదక్, కరీంనగర్, కృష్ణా-గోదావరి, రాయలసీమ, నంద్యాల... ఇలా ఆరు మండలాలున్నాయి. లూథరన్ సంఘాల్లోనూ ఒకే పాస్టరు పలు ఊళ్లు చూసుకునే పద్ధతి ఉంది. బిషప్పు అంటే ఎప్పుడో ఏడాదికోసారి కనిపించే పెద్దమనిషి. పల్లెకి మాత్రం సంఘమంటే పాస్టరేట్ అయ్యగారే.

పన్నెండులో ఎనిమిది

సరదాగా ఓ చిన్న లెక్క వేద్దాం. పాస్టరేట్‌లో పెద్ద గుడి ఒకటి, పల్లె గుళ్లు ఏడు అనుకోండి. తెల్లవారుజామున ఒకచోట, తొమ్మిదిన్నరకు ఇంకోచోట, సాయంత్రం మరోచోట... ఎంత పరిగెత్తినా ఆదివారానికి మూడు ఆరాధనలు. నెలకు పన్నెండు. పెద్ద గుడిలో ప్రతి ఆదివారం ఆయన ఉండాల్సిందే కాబట్టి నాలుగు తీసేయండి. మిగిలినవి ఎనిమిది, ఊళ్లు ఏడు. అంటే ఒక్కో ఊరికి నెలకు ఒక్కసారి. చేతిలో మిగిలేది ఒకే ఒక్కటి!

ఆ ఒక్కటీ ఒక అంత్యక్రియకే సరి. అదే నెలలో ఇంకో చావు కబురు వచ్చినా, బిషప్పు గారి మీటింగు పడినా, అయ్యగారికి జ్వరం తగిలినా ఒక ఊరు తప్పిపోతుంది. ఐదో ఆదివారం వచ్చే నెల ఆయనకు నిజంగా పండగే.

తప్పిపోతే ఏమవుతుంది, ప్రార్థన చేసుకోలేరా అనొచ్చు. చేసుకుంటారు. ఉపదేశి ఉంటాడు, సంఘపెద్దలుంటారు. పాటలు పాడతారు, వాక్యం చదువుతారు. కానీ సీఎస్‌ఐ పద్ధతిలో ప్రభురాత్రి భోజన సంస్కారం జరిపించాల్సింది అభిషేకం పొందిన గురువు. ఆయన రాకపోతే రొట్టె, ద్రాక్షారసం లేవు. మంచాన పడ్డ ముసలమ్మ ఈ నెల సంస్కారం కోసం ఎదురుచూస్తుంటే, 'అయ్యగారు రాలేదు మామ్మా, వచ్చే నెలే' అని చెప్పడం ఎంత కష్టమో ఆ ఇంటివాళ్లనడగండి. ఆమెకు వచ్చే నెల ఉంటుందో లేదో ఎవరికి తెలుసు?

ఇక్కడే అసలు సంగతి ఉంది. తప్పిపోయే ఊరు సాధారణంగా ఏదవుతుంది? ఇరవై గడపలున్న ఊరు. రోడ్డు సరిగాలేని ఊరు. గట్టిగా అడిగే మనిషి లేని ఊరు. లెక్కలో అన్నీ సమానమే... ఆచరణలో కోత మాత్రం ఎప్పుడూ చిన్న గుడికే!

ఒక్కడు చేసింది కాదు

ఇంతమందిని ఒక్కరు ఎలా చూసుకోవాలన్న ప్రశ్న కొత్తదేం కాదు. 1876-78 కరవు తర్వాత ఒంగోలు ప్రాంతంలో వేలమంది బాప్తిస్మానికి ముందుకొచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పేరు చరిత్రలో నిలిచింది సరే. మరి ఆరోజు నీళ్లలో నిలబడిందెవరు? ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా వంతులేసుకుని. ఆ తర్వాత ఆ ఊళ్లన్నీ తిరిగి, చదువు చెప్పి, చావుకీ పెళ్లికీ నిలబడింది కూడా అలాంటి పల్లె బోధకులే.

దోర్నకల్ కథా అంతే. తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడు అజరయ్య తెలుగు నేర్చుకుని ఇక్కడ పనిచేశారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు ఆయనే. 1945 జనవరి 1న కన్నుమూసేదాకా ఎడ్లబండి మీద పల్లెలు తిరిగారు. ఎంత తిరిగినా అన్ని ఊళ్లకూ తానొక్కడే చాలనని ఆయనకు తెలుసు. అందుకే ఊరి బడి పంతుళ్ల మీద, తెలుగు గురువుల మీద భారం పెట్టారు. పగలు పలక పట్టించిన పంతులే సాయంత్రం ప్రార్థన చేయించేవాడు.

తాళంచెవి ఎవరి దగ్గర?

పాస్టరేట్ అయ్యగారి పని ప్రసంగంతో అయిపోదు. పాస్టరేట్ కమిటీకి ఆయనే చైర్మన్. సెక్రటరీ, ట్రెజరర్ సంఘస్తుల్లోంచి వస్తారు. పెళ్లి కుదిరితే ఆదివారం గుడిలో ప్రకటన చదవాలి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్లి రిజిస్టరు రాయాలి. గ్రీకు, హీబ్రూ అక్షరాలు దిద్దివచ్చిన చేతికి రసీదు పుస్తకాలు, కరెంటు బిల్లులు, ప్రహరీగోడ తగాదాలు తగులుతాయి.

కోతల పండుగ చూడండి. ఎవరి చేలో పండింది వాళ్లు తెస్తారు. గుమ్మడికాయ, కొబ్బరికాయలు, కోడిపుంజు... అన్నీ వేలం వేస్తారు. వంద రూపాయల పుంజును వెయ్యికి పాడేవాళ్లుంటారు, దేవుడి పనికి కదా అని. ఆ డబ్బు ఎక్కడికి వెళ్తుందన్న దగ్గరే గుసగుసలు మొదలవుతాయి. 'మా కానుకలు పట్టుకెళ్తారు గానీ, మా గుడి రేకులు ఎప్పుడు మారుస్తారండీ?' అని పల్లె అడుగుతుంది. 'ఖర్చంతా మా గుడే మోస్తోంది' అని పెద్ద సంఘం అంటుంది. ఇద్దరి మాటలోనూ నిజముంది. మధ్యలో అయ్యగారు!

ఇంకోటి. మాలపేటలో ఒక గుడి, మాదిగపేటలో ఒక గుడి ఉన్న ఊళ్లు మనకున్నాయి. అయ్యగారు ముందు ఎవరింట్లో భోంచేశారో, ఎవరి పేటలో ఎంతసేపు కూర్చున్నారో జనం చూస్తూనే ఉంటారు. ప్రసంగం మర్చిపోతారు గానీ ఇది మర్చిపోరు. అన్ని గుళ్లలోనూ ఒకే మాట చెప్పడం తేలికే... అన్ని ఇళ్లలోనూ ఒకేలా కూర్చోవడమే ఆయన అసలు పరీక్ష.

మరి అయ్యగారిని ఎవరు చూసుకోవాలి?

నాలుగైదేళ్లు తిరిగేసరికి బదిలీ. పిల్లల బడి మారాలి. జనం మనసులో చోటు దొరికిందనుకునే వేళకు సామాను లారీ ఎక్కుతుంది. జీతం ఒకరికే... పని మాత్రం ఇద్దరికి! స్త్రీల సమాజం, సండే స్కూలు, వేళకాని వేళ వచ్చినవాళ్లకి టీనీళ్లు... అన్నీ పాస్టరమ్మ గారివే. అమ్మగారే పాస్టరయ్యే రోజులూ వచ్చాయనుకోండి. స్త్రీలకు గురుత్వ అభిషేకం ఇవ్వాలని సీఎస్‌ఐ 1976లోనే నిర్ణయించింది. 2013లో నంద్యాలకు ఇ. పుష్పలలిత బిషప్పయ్యారు, సీఎస్‌ఐలో తొలి మహిళా బిషప్పు.

వేరే దారులూ ఉన్నాయి. హైదరాబాదులో 2000లో కన్నుమూసిన భక్తసింగ్ స్థాపించిన సంఘాల్లో అభిషిక్త గురువు అంటూ ఉండరు. పెద్దలు నలుగురూ కలిసి సంఘాన్ని నడుపుతారు. ఇప్పటి నగరాల పెద్ద సంఘాల్లో అయితే ఒకే ప్రసంగీకుడి మాట తెర మీద పలుచోట్ల ఒకేసారి వినిపిస్తుంది. గొంతు చేరుతుంది, నిజమే. కానీ ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోవడం తెర వల్ల కాదు. 'మా అయ్యగారికి నా పేరు తెలుసు' అన్న ధైర్యం గొంతుతో వచ్చేది కాదు.

అందరి పేర్లూ ఒక్కరికి తెలియడం సాధ్యమా? కాదు. అందుకే పలు సంఘాల కాపరికి కావాల్సిన మొదటి గుణం వాక్చాతుర్యం కాదు, తన పనిని పంచగలగడం. ఏ ఊళ్లో ఎవరు మంచాన పడ్డారో ఆ ఊరి పెద్ద చూడాలి, అయ్యగారికి చెప్పాలి. గుడి తాళంచెవి నమ్మకస్తుడైన ఊరివాడి దగ్గరుండాలి. అయ్యగారు రాని ఆదివారం గుడికి తాళం పడిందంటే, అది ఆయన గొప్పతనానికి గుర్తు కాదు... ఆయన పని సగంలో ఉందని గుర్తు.

సంఘస్తులు చేయాల్సిందీ ఒకటుంది. నెల జాబితా గుడి గోడకు అంటించమని అడగండి. ఈ నెల తప్పిన ఊరి పేరు వచ్చే నెల అందరికన్నా పైన ఉండాలని పెద్ద గుడి వాళ్లే ముందుకొచ్చి చెప్పండి. అవసరమైతే ఒక ఆదివారం మీ గుడిని పెద్దలకు అప్పగించి, అయ్యగారిని చిన్న ఊరికి పంపండి. పన్నెండు ఆరాధనల లెక్క ఎటూ సరిపోదు. ఆ లోటు ప్రతిసారీ ఇరవై గడపల ఊరి మీదే పడకుండా చూడటం మాత్రం మన చేతుల్లోనే ఉంది.