అనుమానమునకు కులమేల?

గుమ్మడికాయల దొంగ యనినచో దొంగయే భుజములు తడుముకొనునని మన సామెత. కాని మన వీధులలో దొంగ తడుముకొనుటకు ముందే పేదవాని భుజములను పోలీసులు తడుముచున్నారు. బావికడ మోటారు పోయినను, బజారులో మెడలోని గొలుసు తెగినను, మొదటి పిలుపు ఎరుకలవాడకు, తండాకు, గుడిసెలవాడకు పోవును. విచారణకని వెళ్లినవాడు సాయంకాలమునకు ఇల్లు చేరునో, రిమాండునకు పోవునో ఇంటివారెరుగరు. ఈ యలవాటు న్యాయమేనా యని ఓరుగంటి పౌరులను మేము ప్రశ్నించుచున్నాము.

ఇది నిన్న పుట్టినది కాదు. 1871లో ఆంగ్ల ప్రభుత్వము నేరస్థ జాతుల చట్టమును చేసెను. 1911 నాటి చట్టముతో అది మద్రాసు రాజధానికిని వ్యాపించెను. ఎరుకలవారు మొదలగువారి పేళ్లు రిజిస్టరుల కెక్కినవి. హాజరు పలుకకుండుటయు, అనుమతి లేక పొలిమేర దాటుటయు నేరములయ్యెను. స్టువార్టుపురము వంటి సెటిల్‌మెంటులు ఆ చట్టము నీడలోనే పెరిగినవి. నిజాము రాజ్యమునను ఇట్టి బుద్ధియే నడచినది. 1329 ఫసలీ, అనగా 1919 నాటి చట్టము హిజ్రాల పేళ్లను రిజిస్టరు చేయించి, అట్టివారు స్త్రీ వేషముతో వీధిలో కన్పట్టినచో వారంటు లేకయే పట్టుకొనుట కధికారమిచ్చెను. మొదటి చట్టము 1952లో రద్దయ్యెను. రెండవదానిని తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో గాని కొట్టివేయలేదు. చట్టములు పోయినవి, పుట్టుకను బట్టి మనుష్యుని శంకించు నలవాటు పోలేదు.

ఈ మాట మేమొక్కరమే యనుట లేదు. షెడ్యూల్డు కులముల, తెగల, వెనుకబడిన వర్గములవారి పేళ్లను హిస్టరీ షీటులలో యాంత్రికముగ చేర్చకుండునట్లు రాష్ట్రములు తమ నియమములను సరిచూచుకొనవలెనని సుప్రీంకోర్టు 2024 మే నెలలో చెప్పినది. అదే సంవత్సరము అక్టోబరు 3వ తేదీన, కారాగారములలోని కులభేదమును ఖండించిన తీర్పునందు, విముక్త జాతులవారిని నిష్కారణముగ అరెస్టు చేయరాదని మరల హెచ్చరించినది.

చిల్లర నేరముల విషయమున చట్టము మనము తలచునంత కఠినమైనది కాదు. 7 సంవత్సరములకు మించని శిక్షగల నేరములలో అరెస్టు తప్పనిసరి కాదనియు, అది యెందుకవసరమయ్యెనో పోలీసులు వ్రాసి చూపవలెననియు 2014లోనే సుప్రీంకోర్టు నిర్ణయించెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత ప్రకారము, 5,000 రూపాయల లోపు సొత్తును దొంగిలించి, మొదటిసారి దోషిగ తేలి, సొత్తును తిరిగి యిచ్చినవానికి సమాజసేవయే శిక్ష. తీర్పు తరువాతి శిక్ష సమాజసేవ; తీర్పునకు ముందు జైలు! ఇదెక్కడి లెక్క? 2022 చివర మన దేశపు ఖైదీలలో నూటికి 75 మందికి పైగా విచారణ ముగియనివారే. జామీనుకు పట్టాదారు పాసుపుస్తకము చూపగలవాడు బయటపడును. గుడిసెయే ఆస్తియైనవాడు లోపలనే మిగులును. 2021లో వరంగల్ కేంద్ర కారాగారమును ఆసుపత్రి కొరకు కూల్చినప్పుడు ఖైదీలను ఇతర జైళ్లకు తరలించిరి. కూలి మానుకొని, బస్సు చార్జీలు పెట్టుకొని, కొడుకును చూడ దూరమేగిన తల్లికి అది వేరొక శిక్ష.

కార్డన్ సెర్చ్ పేరిట తెల్లవారుజామున వాడనంతయు ముట్టడించి, కాగితములు లేని బండ్లను పట్టుకొనుటయు ఇట్టిదే. మేడలున్న వీధి నిట్లు ముట్టడించిరని మనమెన్నడైన వింటిమా?

దొంగతనములు లేవని మేమనము. మోటారు పోయి పైరు ఎండిన రైతు బాధను మేమెరుగుదుము. పోలీసుల పని కష్టమనియు నెరుగుదుము. కాని చేతికి దొరికినవానితో కేసు ముగించినచో అసలు దొంగ నిశ్చింతగ నిద్రించును; రైతు మోటారు తిరిగి రాదు. అంతియ కాదు. ఠాణా పేరు వినినంతనే వణకు వాడ నుండి రేపు సాక్ష్యము చెప్ప నెవరు ముందుకు వత్తురు? తెలిసినవారు నోరు మూసికొనిన, నష్టపడునది ఆ రైతే.

వరంగల్ పోలీసు కమిషనరేటు అధికారులను మేము కోరునది పెద్దది కాదు. షీటులలోని పేళ్లను ఏటేట పరిశీలించి, ఆధారములేనివానిని తొలగించి, ఎన్ని తొలగించిరో ప్రజలకు తెలుపవలెను. విచారణకు పిలుచునప్పుడు నోటీసు ఈయవలెను. అరెస్టు చేసినచో కారణమును తెలుగున వ్రాసి బంధువుల చేతికీయవలెను. జిల్లా న్యాయసేవాధికార సంస్థవారు ఉచితముగ ఇచ్చు వకీలు సంగతి ఆ దినమే తెలుపవలెను.

అధికారులను మాత్రమే యనుట న్యాయము కాదు. "మీ అనుమానమెవరిపై?" యని ఠాణాలో రైటరు ప్రశ్నించినప్పుడు, కన్నులార చూచినది చెప్పక, వాడ పేరు చెప్పినవార మెందరమో మన మనస్సులకు తెలియును. షీటుపై వ్రాసిన కలము పోలీసులదే యైనను, పలుమారు ఆ పేరు పలికిన నోరు మనది. భూములును ఇండ్లును గల పెద్దలు ఈసారి ఫిర్యాదు వ్రాయించునప్పుడు, చూచినది చూచినట్లు చెప్పి, చూడనిచోట ఎరుగమని చెప్పుదురుగాక.