నీటిక్రింద ఒక గడియ

గడచిన సంక్రాంతి సెలవులలో మా వీథివారము పదునొక్కరము స్త్రీలము కూడి అండమాను దీవులకు పోయి, సముద్రములో మునిగి, క్షేమముగా తిరిగి వచ్చితిమి. ఆ వృత్తాంతమును ఈ పుటలలో వ్రాయుమని పలువురు సోదరీమణులు కోరుచున్నారు. మేము జాగు చేసితిమి. చూచిన చేపల రంగులు చెప్పుట సులభమే. ఆ నీటినుండి వెలువడిన పిదప మా మనస్సున నాటుకొన్న మాట చెప్పుటకు మాత్రము కొంత ధైర్యము కావలసివచ్చినది.

మాది అనంతపురము. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడు సీమ. అదియు పడిన యేట పడినట్లు, పడని యేట లేనట్లు. మేము విమానము దిగిన శ్రీ విజయపురమున, అనగా 2024 వరకు పోర్టు బ్లెయిరని పిలువబడిన పట్టణమున, ఏటా ఇంచుమించు 3,000 మిల్లీమీటర్లు కురియును. "బిందెడు నీళ్లకు కొళాయి దగ్గర కాచుకొని నిలిచే వాళ్లకు, నీళ్లలో మునగడానికి డబ్బు కట్టడమేమే?" అని మా అత్తగారు నవ్విరి. మూడేండ్లు నెలనెలా చీటి కట్టి కూడబెట్టిన సొమ్మది. ఆ నవ్వునకు అప్పుడు మేము బదులు చెప్పలేకపోతిమి.

మా సీమలో స్త్రీకిని లోతునీటికిని గల సంబంధము మంచిది కాదు. మా పట్టణము ప్రక్కనే బుక్కరాయసముద్రము చెరువున్నది. ఆ చెరువుకు గండి పడినప్పుడు ఊరిని కాపాడుటకై ముసలమ్మ యను ఇల్లాలు తన్ను తాను బలి యిచ్చుకొన్నదని పెద్దలు చెప్పుదురు. ఆ కథనే కట్టమంచి రామలింగారెడ్డిగారు 'ముసలమ్మ మరణము' అను కావ్యముగా రచించిరి. ఆ తల్లికి చేతులెత్తి మ్రొక్కుదుము. కాని చిన్ననాట మేము విన్న మానవస్త్రీల కథలలో, లోతునీట దిగిన ఆడుది మరల గట్టెక్కిన కథ యొక్కటియు లేదు. ఉలూపి యన్ననో, ఆమె నాగకన్య. ఇంటిలో మాటపట్టింపు వచ్చినచో "నుయ్యో గొయ్యో చూచుకొంటాను" అనుట మన వారి నోట ఎంత తేలికగా వచ్చునో మీ రెరుగనిది కాదు.

మా తండ్రిగారు మాకు ఇంటనే భారతము చెప్పిరి. శల్యపర్వమున దుర్యోధనుడు జలస్తంభన విద్యచే మడుగులో దాగియున్న ఘట్టము వచ్చినప్పుడు, "నీళ్లలో అతనికి ఊపిరి ఎట్లా ఆడింది నాయనా?" అని అడిగితిమి. "విద్య, తల్లీ" అని ఒక్క మాటతో ముగించిరి. ఆ వేసవిలోనే మా అన్నదమ్ములు నడుమునకు బెండ్లు కట్టుకొని దిగుడుబావిలో ఈత నేర్చిరి. మేము గట్టుమీద కూర్చుండి వారి బట్టలకు కావలి కాచితిమి. ఆ విద్య మాకెందుకు లేదని అడుగవలెనని అప్పుడు తోచలేదు.

మరుసటి యేడు మా ఈడు పిల్ల యొకతె అదే బావిమెట్లమీద బిందెతో జారినది. గట్టుపై మేము నలుగురము ఆడుపిల్లల ముంటిమి. కేకలు వేయుట తప్ప మాకేమియు తెలియదు. చేనిలోనుండి మనుష్యులు పరుగెత్తి వచ్చునప్పటికి ఆలస్యమైనది. ఆ పిల్ల దక్కలేదు. నాటినుండి మమ్ము బావిదరికే పోనీయలేదు. నీటిభయమునకు పెద్దలు కనిపెట్టిన మందు అది: దూరముగా ఉంచుట. నేర్పుదమని ఎవరును అనలేదు.

ఇక యాత్రకు వత్తము. చెన్నపట్టణము వరకు రైలు, అటుపిమ్మట రెండు గంటలకు పైగా విమానము. శ్రీ విజయపురమునుండి ఓడలో స్వరాజ్ ద్వీపమునకు పోవలెను. 2018 వరకు దానిని హేవ్‌లాకు దీవి యనెడివారు. ఆ దీవులలో తెలుగు వినబడునా యని సంశయించితిమి. 2011 జనాభా లెక్కల ప్రకారము అచట నూటికి సుమారు పదుమువ్వురు తెలుగువారే. మాకు మునుగుట నేర్పిన యువతియు ఉత్తరాంధ్ర తీరమునుండి చేపల వేటకై పోయి స్థిరపడిన కుటుంబపు పిల్లయే.

మొదటి సాయంకాలము ఆ పిల్ల మమ్ము ఇసుకపై కూర్చుండబెట్టి పాఠము చెప్పెను. వీపున కట్టు సిలిండరులో నుండునది ప్రాణవాయువు కాదు, మనము పీల్చు మామూలు గాలియే. దానిని ఒత్తి నింపుదురు. ఆ గాలి మనము పీల్చినప్పుడే, కావలసినంతే, నోటికి అందునట్లు చేయు సాధనమును 1943లో ఫ్రాన్సు దేశమున కుస్తో, గాన్యాన్ అను నిరువురు సిద్ధపరచిరి. పది మీటర్ల లోతున మనపై ఒత్తిడి నేలమీది దానికి రెండింతలగును. చెవులు నొవ్వకమునుపే ముక్కు పట్టుకొని మెల్లగా ఊదవలెను. మాటలాడుట కుదరదు గనుక చేతిసైగలే భాష. చూపుడువ్రేలిని బొటనవ్రేలితో చేర్చి సున్న చుట్టినచో కుశలమని అర్థము. బొటనవ్రేలు పైకెత్తినచో 'బాగున్నది' అని కాదు, 'పైకి పోవుదము' అని. అరచేయి చాచి అటునిటు ఊపినచో ఏదో తేడాగా నున్నదని.

"అన్నీ మరిచినా ఒక్కటి మరవకండమ్మా, ఊపిరి బిగబట్టకూడదు" అనెను. పది మీటర్ల లోతున పీల్చిన గాలి పైకి వచ్చునప్పటికి రెండింతలై పొంగును. నూనెలో పూరీ పొంగినట్లన్నమాట. ఊపిరి బిగబట్టి పైకి వచ్చినచో ఆ పొంగు ఊపిరితిత్తులను చీల్చును. కావున తీయుచు విడుచుచు నుండవలెను. పైకి మెల్లగా రావలెను.

పిమ్మట అందరికి తలకొక కాగితము ఇచ్చిరి. ఉబ్బసము గలదా, గుండెజబ్బు గలదా, మూర్ఛ గలదా, చెవికి శస్త్రచికిత్స జరిగినదా, గర్భవతులా అని ప్రశ్నలు. మా తోడికోడలు మా ప్రక్కనే కూర్చుండి వరుసగా అన్నిటికిని 'లేదు' అని వ్రాసెను. ఆమెకు ఉబ్బసమున్నదని ఇంటిలో మా యొక్కరికే తెలియును. పీల్చు మందును బియ్యపుడబ్బా వెనుక దాచుకొనును. పెండ్లినాటినుండి అంతే.

మేము ఆ కాగితము చూచియు నోరు మెదపలేదు. దాచవలదు, ఈ మాట ఒప్పుకొనవలసినదే. నలుగురిలో ఆమెను చిన్నబుచ్చరాదనుకొంటిమి. రాత్రి నిద్ర పట్టలేదు. ఊపిరిగొట్టములు ముడుచుకొన్నప్పుడు లోపల చిక్కిన గాలి పైకి వచ్చుచు పొంగినచో ఏమగును? సాయంత్రపు పాఠమే మరల మరల జ్ఞప్తికి వచ్చెను. తుదకు ఆమెను లేపితిమి.

"చెప్పవే" అంటిమి.

"చెప్తే దింపరు కదక్కా. మూడేండ్లు చీటి కట్టినాను. ఇంటికి పోయినాక, జబ్బుమనిషి, అందుకే ఒడ్డున కూర్చుందంటారు."

"అనుకోనీ."

"నువ్వు సులభంగా అంటావు" అని ముఖము త్రిప్పుకొనెను. చాలసేపు ఏడ్చెను. మేమును బావిగట్టుమీది ఆ దినమును చెప్పితిమి. ఇన్నాళ్లు ఎవరికిని చెప్పియుండలేదు. ఈ పర్యాయము గట్టుమీద ఊరకయుండుట మావలన కాదంటిమి. ఆమె బదులు పలుకలేదు. ఉదయమున తానే పోయి కాగితము దిద్దించుకొనెను. నేర్పు పిల్ల కోపింపలేదు. "మంచిపని చేశారమ్మా. డాక్టరుగారి చీటీ లేకుండా దింపలేను. చీటీతో మరోసారి రండి" అని, అడుగున గాజుపలక గల పడవలో ఆమెను పంపెను.

మేము పదుగురము దిగితిమి. వేషమును గూర్చి శంకించు సోదరీమణులకొక మాట: మెడనుండి చీలమండ వరకు కప్పు దళసరి దుస్తు అది, చీరకంటె నిండుగా నుండును. మాలో నొక్కరికిని ఈత రాదు. ఈత రానివారిని గూడ తొలిసారి దింపుదురు, కాని ఒక్కొక్కరిని ఒక్కొక్క శిక్షకుడో శిక్షకురాలో విడువక పట్టుకొనియుందురు. పసిబిడ్డవలె మమ్ము నడిపించిరి.

మొదటి నిమిషమున భయముచే ఊపిరి బిగిసినది. ఆ పిల్ల తన రొమ్ముపై చేయి యుంచి, తీయుము, విడుము అని సైగ చేసెను. నాలుగైదు శ్వాసలకు మనస్సు కుదుటబడినది. అంతట కన్నులు తెరచి చూచితిమి. చేపలు గుంపులుగా మా ప్రక్కనుండి, మేమక్కడ లేనట్లే పోవుచున్నవి. పగడపు దిబ్బలు రాళ్లవలె నున్నవి గాని రాళ్లు కావు. కోట్లకొలది చిన్న జీవులు కట్టుకొన్న కాపురము. తాకరాదు, తేరాదు. సముద్రపు వేడి పెరిగి 2010లో ఆ దీవుల పగడములు విస్తారముగా తెల్లబోయి చచ్చినవి. కొన్నిచోట్ల నేటికిని ఆ బోసిదనము కానవచ్చును.

మా చేతిని చూచుకొని ఉలికిపడితిమి. ఎఱ్ఱగాజులు నల్లబడియున్నవి! ఎఱుపువెలుగును నీరు అన్నిటికంటె ముందుగా మ్రింగివేయును. ఆ పిల్ల చిన్న దీపము వెలిగించి గాజులపై చూపగా మరల ఎఱ్ఱగా మెరసినవి. గడియకు కొంచెము పైగా లోపలనుంటిమి. పైకి వచ్చి సిలిండరు విప్పినప్పుడు మా తండ్రిగారి మాట జ్ఞప్తికి వచ్చినది. విద్యయే. వరమును గాదు, మాయయు గాదు.

మునిగిన పిదప వెంటనే విమానమెక్కరాదు. ఒకసారి మునిగినవారు 12 గంటలు, పలుమార్లు మునిగినవారు 18 గంటలు ఆగవలెను. ఆ దినమంతయు ఇసుకపై కూర్చుండి మాటలాడుకొంటిమి. కొరియా దేశపు జేజు దీవిలో స్త్రీలు గాలి సిలిండరు లేక, పైన పీల్చిన ఊపిరితోనే పది మీటర్లు మునిగి నత్తలు, నాచు ఏరి సంసారము నడుపుదురని ఆ పిల్ల చెప్పెను. తల్లులు కూతుండ్రకు నేర్పు ఆ వృత్తిని 2016లో యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చినది. అరువదేండ్లు దాటిన అవ్వలును మునుగుదురట. మేము ఒండొరుల ముఖములు చూచుకొంటిమి.

సోదరీమణులారా, అందరిని అండమానుకు పొండని మేము చెప్పుట లేదు. మా కరవుసీమలో ఇప్పుడు సేద్యపుకుంటలు పెరిగినవి. హంద్రీ-నీవా కాలువలో కృష్ణ నీరు వచ్చుచున్నది. నీరు వచ్చినందుకు సంతసింతుము. కాని నీరెరుగని పిల్లలకు అది ప్రమాదము. 2021లో లోకమున మూడులక్షలమంది నీట మునిగి మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టినది. ప్లాస్టికు పరచిన కుంట గట్టు జారును. ఈత వచ్చినవారును పైకి ఎక్కలేరు. కావున ప్రతి కుంటకు ముడులు వేసిన మోకు ఒకటి కట్టి యుంచుడు. మునుగువారిని చూచి, రానివారు దుముకవలదు. చీరయో, త్రాడో, మూత బిగించిన ఖాళీ డబ్బాయో విసరుడు. అన్నిటికంటె ముఖ్యముగా, మగపిల్లలతో పాటు ఆడుపిల్లలకును ఈత నేర్పుడు.

ఊరు చేరగానే పట్టణపు ఈతకొలనులో ఉదయము ఒక గంట స్త్రీలకు విడువుమని అడిగితిమి. ఇరువదిమంది చేరినచో ఇత్తుమనిరి. ఇల్లిల్లు తిరిగి ఇరువదిముగ్గురను చేర్చితిమి, తొమ్మండుగురు బాలికలు. మా తోడికోడలు వైద్యునికి చూపించుకొని, అనుమతి తీసికొని తానును వచ్చుచున్నది. ఆమె పీల్చు మందు ఇప్పుడు బియ్యపుడబ్బా వెనుక లేదు. కొలను గట్టుపై, అందరికిని కనబడునట్లు, తువాలుమీద నుండును. మా అత్తగారు ఆ ప్రక్కనే కూర్చుండి మనుమరాలి బట్టలకు కావలి కాయుదురు.

మాకింకను లోతున కాలు నిలువదు. పదునైదడుగులు మాత్రము ఈదగలము.