మెట్టతామర బంగళాల మొక్కయేనా?

మెట్టతామరను ఎరుగని రైతు లేడు. అరటిని బోలిన వెడల్పాకులతో, ఎఱ్ఱని, పసుపుపచ్చని పువ్వులతో రైలుస్టేషనుల ముంగిటను, కచేరీల ఆవరణములలోను నిలువెత్తున పెరుగు మొక్క ఇదియే. తోటమాలులు కాన్నా యందురు. మీ దొడ్డిలో ఏల నాటలేదని మేమడిగినపుడెల్ల, "అది బంగళాల మొక్కండీ, మాకెందుకు?" అను ప్రత్యుత్తరమే వచ్చుచున్నది. ఈ తలంపు సరికాదని మా అభిప్రాయము. బంగళాకంటె రైతు పెరటికే ఇది ఎక్కువ అవసరము.

ఏ పెరడు చూచినను స్నానపు నీరు, అంట్లు తోమిన నీరు ఒక పల్లమున జేరి నల్లబడి నిలిచియుండును. బోదకాలు వ్యాధిని మోయు దోమ ఇట్టి మురికినీటియందే గ్రుడ్లు పెట్టును. ఆ నీటిని వీథిలోనికి త్రోసి పొరుగువానితో తగవు తెచ్చుకొనువారును గలరు. అట్లుగాక, ఆ పల్లమును రెండడుగుల లోతున త్రవ్వి, అడుగున గులకరాళ్ళను, పైన ముతక ఇసుకను నింపి, అందు మెట్టతామర నాటవలెను. నీరు ఇసుక క్రిందనే నడచును గాని పైకి కనబడదు; దోమకు తావుండదు. వేళ్ళను, రాళ్ళను అంటియుండు సూక్ష్మజీవులు మురికిని విరుగగొట్టగా, ఆ సారమును మొక్క గైకొనును. పటాన్‌చెరువునందలి ఇక్రిశాట్ వారును గ్రామముల మురికినీటిని శుభ్రపరచుటకు ఇట్టి మడులలో మెట్టతామరను నాటించిరి. ఇసుక వేయక, నిలువనీటి గట్టున నాలుగు దుంపలు పాతినంతమాత్రమున దోమలు తొలగునని తలంపరాదు. అన్నపు మెతుకులు, జిడ్డు ముందుగా ఒక చిన్న తొట్టిలో నిలుచునట్లు చేయకున్నచో ఇసుక త్వరలోనే పూడిపోవును.

పేరు తామరయే గాని తామరతో దీనికి చుట్టరికము లేదు. పుట్టినిల్లు అమెరికాఖండపు ఉష్ణప్రదేశములు. అల్లము, పసుపు, అరటి దీని దాయాదులు. కావున దుగ్గిరాల, నిజామాబాదు ప్రాంతముల పసుపురైతులకు మేము క్రొత్తగా నేర్పవలసినది స్వల్పము. తొలకరిని, రెండు మూడు కన్నులుగల దుంపముక్కను మూడు నాలుగంగుళముల లోతున, అడుగున్నర యెడముగా నాటవలెను. ఎండ పుష్కలముగా నుండవలెను. మామిడిచెట్టు నీడను ఆకులే గాని పువ్వులుండవు. గింజలనుండియు మొలిపింపవచ్చును గాని, తల్లి రంగే వచ్చునని నమ్మరాదు. నల్లని ఆ గింజ పెంకు తుపాకీగుండువలె గట్టిది. రాతిపై అరగదీసి నానబెట్టనిదే నీరు పీల్చదు. అర్జెంటీనాలో ఇంచుమించు 600 ఏండ్లనాటి గింజ యొకటి మొలిచినదట!

అరటిచెట్టు గెల వేసిన పిమ్మట దానిని నరికి పిలకను ఎదుగనిచ్చుట మనకు వాడుక. ఇక్కడను అంతే. పూచి ముగిసిన కాడను నేలమట్టమునకు కోయవలెను. ఆకుచుట్టు పురుగు కనబడిన, చుట్టను విప్పి చేతితో నలిపివేయుట చాలును. రెండు మూడేండ్లకొకమారు గుబురును పూర్తిగా త్రవ్వి, నడిమి ముదురుదుంపలను పారవైచి, అంచున నున్న లేతవానిని తిరిగి నాటవలెను. పదేండ్లు గడ్డపార తగులనీయక, పువ్వు చిన్నదైనదని మొక్కను నిందించువారిని చూచి మాకు నవ్వు వచ్చును.

అయితే నవ్వదగినవారిలో మేమును గలము. కొన్ని సంవత్సరముల క్రిందట మా ప్రదర్శన మడిలోని గుబురున ఆకు ఈనెల వెంట పసుపుచారలు కనబడినవి. ఎరువు చాలలేదని తలంచి పెంట వేయించితిమి. ఆ దుంపలనే అడిగినవారికెల్ల ఉచితముగా పంచితిమి. మరుసటి వర్షకాలమున ఆ పెరళ్ళయందును అవే చారలు! అది వైరస్ తెగులు. దుంపతోనే ప్రయాణము చేయును, మందు లేదు. అన్నిటిని పెరికి కాల్పింపవలసి వచ్చినది. ఒక వృద్ధురాలు మాత్రము, "పువ్వులిచ్చి మరల తీసికొనిపోవుట మీకే చెల్లినది, నాయనా!" అనినది. మేము బదులు చెప్పలేకపోతిమి.

దుంపలు చేతులు మారుట మన గ్రామములలో మంచి వాడుకయే; దానిని మానుమని మేము చెప్పము. కాని త్రవ్విన పిమ్మట దుంపను చూచి ఈ తెగులును గుర్తింప వీలుకాదు. వచ్చు తొలకరికి దుంపలు కోరు సభ్యులు ఆకు పచ్చగానున్న ఇప్పుడే పొరుగు పెరళ్ళు తిరిగి, చారలేని గుబురునకు గుడ్డపీలిక కట్టి గుర్తుంచుకొనవలెను. కోయు కత్తిని గుబురు గుబురునకు నడుమ మరుగునీట ముంచవలెను.